మధ్యాహ్నం మాత్ర

సోములమ్మ పోయిన నాలుగో రోజున, ఇరవై రెండు మాత్రలు అడగడానికి వాళ్ళ గుమ్మం ముందు నిలబడ్డాను. చావింటికి వెళ్ళి అడిగే మాటేనా అది? కానీ అప్పటికే శనివారం. ఆదివారం మధ్యాహ్నం బండి ఎక్కకపోతే సోమవారం పట్నంలో ఆసుపత్రికి అందుకోలేను. అందుకోకపోతే గెడ్డవాగు అవతల ఊళ్ళో బుధు ఇంకో పదిహేను రోజులు అరుస్తూనే ఉంటాడు. వాడి అరుపు మూడు రోజులుగా నా చెవుల్లోంచి పోవడం లేదు. అన్నం ముందు కూర్చున్నా అదే, ప్రార్థనలో కళ్ళు మూసుకున్నా అదే.

నా పేరు దేవమణి. అరకు పక్కన పదకొండు కొండ ఊళ్ళకి నర్సుని. నోరు కాస్త పెద్దదని అందరూ అంటారు, నిజమే.

సోములమ్మకి అడ్డపొగ అలవాటు. చుట్ట వెలిగించి నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పొగ పీల్చడం. నలభై ఏళ్ళు అలా పీల్చాక అంగుట్లో పుండు లేచింది. పట్నం తీసుకెళ్తే క్యాన్సరన్నారు, చెయ్యడానికేం లేదన్నారు, నొప్పి తగ్గడానికి మార్ఫిన్ మాత్రలు రాశారు. అది నల్లమందు జాతిది, అందుకని దానికి ప్రభుత్వం రూళ్ళు బోలెడు. లైసెన్సున్న ఆసుపత్రి తప్ప ఎవరూ ఇవ్వకూడదు. రోగి పేరున పచ్చకార్డు ఉండాలి, దాని మీద మాత్రలు తెచ్చే మనిషి పేరుండాలి, ఆ మనిషే స్వయంగా రావాలి. పద్నాలుగు రోజులకి ఎనభై నాలుగు మాత్రలు. మాత్రలు అయిపోయిన ఖాళీ రేకులు తిరిగివ్వాలి. రోగి పోతే మిగిలినవి లెక్కపెట్టి అప్పజెప్పాలి. కొండ మీంచి గంజాయి బస్తాలకి బస్తాలు లారీలెక్కి దిగిపోతున్న రోజుల్లో, ఒక ముసలిదాని నొప్పికి మాత్రం ఇన్ని తాళాలు. ఆ రూళ్ళు రాసినవాడికో దణ్ణం.

కార్డు మీద సోములమ్మ కోడలు కనక పేరు రాయించాను. కనకకి ఘాట్ రోడ్డు బస్సెక్కితే వాంతులు. అందుకని పదిహేను రోజులకోసారి చంటిపిల్లని అత్త పక్కన పడుకోబెట్టి రైలెక్కేది. ఆదివారం వెళ్తే మళ్ళీ మంగళవారం రాక. ఒకసారి నన్నడిగింది కూడా.

"నర్సమ్మా, నువ్వు మీ అమ్మని సూడ్డానికి పదేను రోజులకోపాలి పట్నం దిగుతావు గదా. ఆ బిళ్ళలేవో నువ్వే తేరాదా?"

"రూలు ఒప్పుకోదు కనకా. ఇంటి మనిషే తేవాలి" అన్నాను.

ఆ తర్వాత రెండు వారాలకే, తిరుగు ప్రయాణంలో దిగువ స్టేషన్లో పోలీసులు ఆమెని ఆపారు. కొండ మనిషి చేతిలో సంచి కనిపిస్తే గంజాయే అని వాళ్ళ లెక్క. సంచిలో రేకులు బయటపడ్డాయి. ప్లాట్‌ఫారం మీద జనం చూస్తుండగా ఆడ పోలీసు కనక జాకెట్లో చెయ్యి పెట్టి వెతికింది. కార్డు చదివించుకుని వదిలేసరికి బండి వెళ్ళిపోయింది. మర్నాడు ఇల్లు చేరి, పిల్లకి పాలిస్తూ అత్త ముందే ఏడ్చిందట. నాతో చెప్పినప్పుడు మాత్రం ఏడవలేదు. అది జరిగి ఐదు వారాలు దాటింది.

ఇప్పుడు బుధు సంగతి. వాడికి గొంతులో పుండు. కాగితాలన్నీ నేనే రాసి ఉంచాను. మొన్న ఎస్టీడీ బూత్ నుంచి ఆసుపత్రికి ఫోన్ చేస్తే మందుల కౌంటర్లో ఉండే సిస్టర్ ఏంజెలిన్ ఒక్క ముక్కలో తేల్చేసింది. "సోములమ్మ కార్డు ముగిస్తేనే బుధు కార్డు తెరుస్తాం. మీరు వేసిన మాత్రకల్లా గీత పెట్టే పుస్తకం ప్రకారం ఇరవై రెండు మిగలాలి. లెక్క తేలకపోతే ఆ కొండ మీదికి ఇంక మాత్ర రాదు దేవమణీ. మా లైసెన్సు పోతుంది."

అందుకే వచ్చి నిలబడ్డాను. ధర్మ, అదే సోములమ్మ కొడుకు, వాకిట్లో కాఫీ పళ్ళు ఆరబోస్తున్నాడు.

"మాత్రలు ఎక్కడున్నాయి ధర్మా?"

"అమ్మ కాడున్నాయి."

నాకు అర్థం కాలేదు. కనక లోపల్నించి వచ్చి చెప్పింది. "అత్త కంచం, దుప్పటి, సుట్టల డబ్బా, అన్నీ అక్కడే ఎట్టీసినాం. బిళ్ళలూ ఎట్టీసినాం."

వాళ్ళ పద్ధతి అంత. పోయినవాళ్ళు వాడుకున్నవన్నీ పాతిపెట్టిన చోట రాళ్ళ మీద పెట్టి వచ్చేస్తారు. నాకు తెలుసు. తెలిసి ముందే చెప్పకపోవడం నాదే తప్పు. కానీ తప్పు నాదైనప్పుడే నా గొంతు ఎక్కువ లేస్తుంది.

"బుద్ధుందా మీకు? మాత్రలు పెట్టడమేంటి? అవి ఆసుపత్రివి!"

ధర్మ పని ఆపి నా వైపు చూశాడు. వేళాకోళం లేదు ఆ మొహంలో.

"అక్కడ కూడా నొప్పి లేత్తే ఏటి సేత్తాది నర్సమ్మా?"

నేను ఇంకాస్త అరిచాను. బుధు గురించి చెప్పాను, ఏంజెలిన్ మాట చెప్పాను. ధర్మ తల అడ్డంగా ఊపాడు. "పోయినోళ్ళకి ఇచ్చింది తిరిగి తీత్తే ఊరు ఒప్పదు. నాను తీను."

"నువ్వు తియ్యకు. నేను తీస్తాను. మేం ఏసు బిడ్డలం, మాకే కీడూ పట్టదు" అనేసి గబగబా నడిచాను.

పట్టదని నోటితో అనడం తేలిక. పొదలు దాటి ఆ రాళ్ళ దగ్గరికి చేరి ఆగిపోయాను. కప్పిన మట్టి ఇంకా ఎర్రగా ఉంది. బోర్లించిన కంచం, మడిచిన దుప్పటి, తగరపు చుట్టల డబ్బా, దాని పక్కన ప్లాస్టిక్ కవర్లో మెరుస్తూ రేకులు. చెయ్యి చాపితే అందుతాయి. చాపాను. మళ్ళీ లాక్కున్నాను. దొంగతనానికొచ్చినట్టే ఉంది. రెండుసార్లు అటూ ఇటూ తిరిగాను, చీర కుచ్చిళ్ళు ముళ్ళకి పట్టుకున్నాయి, విదిలించి లాగితే చిరిగాయి.

వెనక అడుగుల చప్పుడు. కనక. చంకలో పిల్ల, కొంగులో ఏదో మూట.

"ఆగు నర్సమ్మా. నువ్వు తీత్తే దొంగతనం. నాను అడిగి తీత్తాను."

"ఇచ్చింది తీయకూడదంటిరి?"

"తీయకూడదు. మార్సుకోవచ్చు."

పిల్లని నాకిచ్చి మట్టి పక్కన కూర్చుంది. కొంగు విప్పి రెండు కొత్త చుట్టలు, బెల్లంముక్క తీసింది. సంతలో అమ్మేవాళ్ళతో మాట్లాడినట్టే మొదలుపెట్టింది.

"అత్తా, నాను కనకని. అడుక్కోడానికి రానేదు, మార్సుకోడానికొచ్చినాను. నొప్పి లేసే ఒళ్ళు ఇక్కడే ఒగ్గీసి ఎల్లిపోనావు, నీకింక బిళ్ళలేటికి? గెడ్డవతల బుధు గుంటడు సచ్చిపోతన్నాడు. ఇగో, రెండు సుట్టలు. నిన్న సంతలోవి, మంచి ఘాటు. బెల్లం కూడా ఎడతన్నాను."

చెవి ఒగ్గి విన్నట్టు తల వంచింది.

"సాల్లేదా? నాకు తెలుసు, నీకు సాలదు." కొంగులోంచి మూడో చుట్ట తీసింది. "ఇంక నేవు. ఇదే ఆకరిది."

నవ్వొచ్చింది నాకు, ఆ చోట. సంతలో ఎండుచేపలవాడి ఓపిక నశించేలా బేరమాడే సోములమ్మ కళ్ళముందు కనిపించింది.

"ఒప్పుకుందని నీకెలా తెలుసు?" అన్నాను.

"మూడోదానికి అత్త ఎప్పుడూ ఒప్పీసుకుంటాది."

కవరు తీసి నా చేతికిచ్చింది. లెక్కపెట్టాను. ఇరవై రెండు. బరువు దిగింది. ఇంక బేగి వెళ్ళిపోదామని లేస్తుంటే, చుట్టలు డబ్బాలో పెట్టడానికి కనక మూత తీసింది.

అందులో చుట్టల్లేవు. నారతో కట్టిన అడ్డాకు పొట్లం ఉంది. విప్పింది. తెల్లటి మాత్రలు.

ఒక్కొక్కటి అరచేతిలో పెట్టుకుంటూ నేనే లెక్కపెట్టాను. ముప్పై నాలుగు. నాకు రక్తం తలకెక్కింది.

"ఏంటివి? నువ్వు వెయ్యలేదా? వేశానని నాతో గీతలు పెట్టించావు కదే!"

కనక నా అరుపు వినడం లేదు. పొట్లం వైపే చూస్తోంది.

"అన్నీ నా సేత్తోనే ఏసినాను. పదిగంటలది ఏసి కాఫీ తోటకి ఎల్లీదాన్ని. మజ్జానందొక్కటి గలాసు పక్కన ఎట్టి ఎల్లీదాన్ని. ఇయ్యన్నీ మజ్జానంవే."

రోజుకొకటి. ముప్పై నాలుగు రోజులు. వెనక్కి లెక్కేసుకుంటే, పోలీసులు ఆమెని తడిమిన మర్నాటి దగ్గర ఆగింది.

"ఒకపాలి అడిగింది, ఓ తూరికి ఎన్ని బిళ్ళలిత్తారే అని. ఎనబైనాలుగన్నాను. అన్ని కూడబెడితే ఒకపాలి నువ్వు బండెక్కక్కర్లేదు గదే అంది. యేలాకోలమనుకున్నాను నర్సమ్మా. సాయంత్రం వచ్చేసరికి సాప అంచు ఈనెలు పీకీసి ఉండేవి. కోళ్ళు పీకినాయనుకుని కోళ్ళని తిట్టినాను."

అప్పుడు ఏడ్చింది. పిల్ల కూడా ఏడుపందుకుంది. నేను పిల్లని ఊపుతూ నిలబడ్డాను.

చెప్పకుండా ఉండొచ్చు. ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఆ ముప్పై నాలుగు మధ్యాహ్నాలు చేతిలో పట్టుకుని ఎలా ఉండను?

"కనకా, రూలు ఇంటి మనిషే తేవాలని లేదు. రోగి నమ్మినవాళ్ళు ఎవరైనా అని ఉంది. కార్డు వెనకే రాసుంది, మొదటి రోజే చదివాను. లైసెన్సు మందు, రేపు లెక్క తప్పితే నా ఉద్యోగం మీదికొస్తుందని భయపడ్డాను. నీకు అబద్ధం చెప్పాను."

తిట్టమని కోరుకున్నాను. కనక తిట్టలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, మూడు చుట్టలూ డబ్బాలో సర్ది, మూత పెట్టి రాయి మీద పెట్టింది. పిల్లని నా చేతుల్లోంచి తీసుకుంది.

"బుధు కాయితంలో ఎవుల పేరు రాసినావు?"

"వాడి పెళ్ళాం చిట్టి పేరు."

"దానికి ఏడో నెల" అని వెళ్ళిపోయింది.

అక్కడే రాయి మీద కూర్చుని సంచిలోంచి కాగితం తీశాను. చిట్టి పేరు కొట్టేసి నా పేరు రాశాను. కొట్టేసిన చోట కాగితం చిరిగింది. యాభై ఆరు మాత్రలు. లెక్క తక్కువైతే ఏం చెప్పాలో రాత్రంతా వల్లించుకున్నదాన్ని, ఎక్కువైతే ఏం చెప్పాలో తెలియదు. ఉన్నదున్నట్టు చెప్తాను. ఏంజెలిన్ నమ్మితే నమ్ముతుంది.

ఆదివారం స్టేషన్లో పోలీసులు వరసగా సంచులు విప్పిస్తున్నారు. నా ముందు ఒక కొండ ఆవిడ మూట విప్పితే కందులు ప్లాట్‌ఫారం మీద పారాయి. ఆవిడ కూర్చుని ఏరుకుంటోంది. నా వంతు వచ్చింది. సోములమ్మ కార్డు చేత్తో పట్టుకున్నాను, అడిగితే ఏ మాట ముందు చెప్పాలో కూర్చుకుంటున్నాను.

అతను నా తెల్లచీర వైపు చూశాడు. సంచి వైపు చూడనేలేదు.

"మీరెక్కండి సిస్టర్‌గారూ" అన్నాడు.

పన్నెండేళ్ళుగా, పదిహేను రోజులకోసారి, నేను ఆ బండి అలాగే ఎక్కుతున్నాను.