నాలుగో గడి

పిండి ఇంకా జారుగానే ఉంది, ఈ ఎండల్లో నీళ్ళు తగ్గించి పోయాలని ప్రతి వేసవిలో అనుకుంటుంది, ప్రతి వేసవిలో మర్చిపోతుంది, ఆ రోజు మాత్రం పిండి చక్కగా కుదిరింది, అంత బాగా ఎప్పుడూ కుదరలేదు, అది ఎందుకు గుర్తుండాలో తిర్జాకి తెలియదు గానీ గుర్తుంది, పోయిన వసంతంలో ఆ శుక్రవారం పొద్దున పిండి చేతికి అంటకుండా గుండ్రంగా తిరుగుతోంది, ముందురోజు రాత్రి, గాజుపెట్టెలో ఉన్న పాప కాస్త బరువు పెరిగిందని ఆసుపత్రిలో నర్సు చెప్పింది, నువ్వు ఇంటికెళ్ళి సబ్బాతు పనులు చూసుకో, ఇక్కడ నేనుంటాను అని గెర్షోన్ అన్నాడు, అందుకే ఆమె ఇంటికొచ్చింది, అందుకే ఫోను మోగినప్పుడు చేతులు పిండిలో ఉన్నాయి, దఫ్నా పరిగెత్తుకొచ్చి ఫోను తల్లి చెవికి ఆనించి పట్టుకుంది, నాన్నే అమ్మా, కానీ ఏం మాట్లాడట్లేదు అంది, అవతల యంత్రాల చప్పుడు కూడా లేదు, ఆ చప్పుడు లేకపోవడంతోనే తెలిసిపోయింది, వెళ్ళింది, ఎత్తుకుంది, తిరిగొచ్చింది, ఆ మధ్యలోది తలుచుకోదు, తిరిగొచ్చేసరికి పిండి గిన్నె అంచు దాటి పొంగి బల్ల మీదికి దిగి ఉంది, పారెయ్యబుద్ధి కాలేదు, జడలల్లి కాల్చింది, ఆ రాత్రి అందరూ ఆ రొట్టే తిన్నారు, బాగుంది అన్నాడు నాలుగేళ్ళ నఫ్తాలి, రొట్టె నిజంగానే బాగుంది.

అమ్మా, పన్నెండులో మూడో వంతు నాలుగే కదా, యోయెల్ అడుగుతున్నాడు, శుక్రవారం లెక్కల పాఠం ఈ పిండి మీదే, రెండు రొట్టెలు, ఒక్కో రొట్టెకి ఆరు పాయలు, కాగితం మీద అంకెలూ అక్షరాలూ కదిలిపోతాయంటాడు గానీ పిండి ముద్దల్ని తప్పు లేకుండా పంచుతాడు, బళ్ళో వాణ్ణి బద్ధకస్తుడన్నారు, అందుకే ఇంటికి తెచ్చేసింది, వాడి వెనక దఫ్నా, దఫ్నా వెనక నఫ్తాలి, ఈ వంటింటి బల్లే బడి, తను టీచరు, ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది, మొన్న నదుల పాఠం మొదలుపెట్టి సగం దాకా చెప్పాక దఫ్నా మెల్లిగా, ఇది నిన్న చెప్పావమ్మా అంది, ఫరవాలేదు మళ్ళీ చెప్పు అన్నాడు యోయెల్, ఆ జాలికి తట్టుకోలేక బట్టలుతికే గదిలోకి వెళ్ళి తువ్వాళ్ళలో మొహం దాచుకుని నిలబడింది, అత్తగారు బెర్నీస్ వారం వారం ఫోను చేసి పిల్లల్ని బళ్ళో వేసెయ్ తిర్జా, నీ ఒంట్లో ఏం మిగిలిందని, మా జోహానెస్‌బర్గ్‌లో ఇలాంటివి మాట్లాడుకునేవాళ్ళమే కాదు, మర్చిపోయి మళ్ళీ కనేవాళ్ళం అంటుంది, మీరు చెప్పింది నిజమే అత్తయ్యా అంటుంది తిర్జా, ఆవిడతో వాదించడానికి కూడా ఓపిక కావాలి, పిండిలోంచి ఒక చిన్న ముద్ద తీసి పక్కన పెట్టింది, అది రొట్టె కాదు, దేవుడి వాటా, దీవెన చదివి పొయ్యిలో మాడ్చెయ్యాలి, ప్రతి వారం చేసే పనే, ఆ ముద్ద వైపు చూడకుండా చేస్తుంది.

పాఠం పెట్టింది తనే, ఎవర్నీ అనడానికి లేదు, ఈ వారం సినగాగు ప్రార్థనలో చదివేది నిర్గమకాండం మొదలు, మనవాళ్ళ హీబ్రూలో ఆ పుస్తకం పేరే పేర్లు, ఈజిప్టుకి వెళ్ళిన కొడుకుల పేర్లు వరసగా వస్తాయి, ఏ ఏడాదైనా ఈ వారం పిల్లలకి పేర్ల పాఠమే, అట్ట మీద గడులు గీసి ఇంట్లో ఎవరి పేరు పోయినవాళ్ళలో ఎవరి పేరో రాయడం, ఆలోచించకుండా పెట్టేసింది, అలవాటు మీద చేతులు ఎలా నడుస్తాయో నోరూ అలాగే నడిచింది, దఫ్నా పొద్దున్నించీ స్కేలు పెట్టి గీస్తోంది, పైన తాతలు, మధ్యలో గెర్షోన్, తిర్జా, కింద గడులు నాలుగు, మూడు కాదు, నాలుగు, యోయెల్ అంటే గెర్షోన్ తాత, దఫ్నా అంటే తిర్జా మేనత్త, నఫ్తాలి అంటే లిథువేనియాలో పోయిన ముత్తాత తమ్ముడు, అమ్మా, ఇందులో ఏం రాయను, దఫ్నా పెన్ను మూత తీసి ఎదురు చూస్తోంది.

ఇప్పటికి వదిలెయ్ అంది తిర్జా, వదిలేస్తే నేను మర్చిపోయాననుకుంటారు అంది దఫ్నా, అసలు ఆ గడి అక్కర్లేదు, ముప్పై రోజులు నిండలేదుగా, లెక్కలోకి రాదు అన్నాడు యోయెల్, నువ్వొస్తావా లెక్కలోకి, బుధవారం అని రాయడం కూడా రాదు నీకు అంది దఫ్నా, నాకు రాకపోతే నీకేం, నీ గడులు వంకర, నీ మొహం వంకర, ఇద్దరూ ఆపండి అంది తిర్జా, ఆ గొంతు పెద్దగా లేదు, అందుకే ఇద్దరూ ఆపేశారు.

ముప్పై రోజులు, యోయెల్ తప్పేం చెప్పలేదు, ఆ నియమం వాడికి తనే నేర్పింది, నెల నిండకుండా పోయిన బిడ్డకి ఏడు రోజులు నేల మీద కూర్చోవడం లేదు, అద్దాలకి గుడ్డ కప్పడం లేదు, చొక్కా చింపుకోవడం లేదు, పొరుగువాళ్ళు గుడ్లూ పప్పూ వండి పట్టుకురావడం లేదు, అది దయతో పెట్టిన నియమం తిర్జా, రబ్బీగారి భార్య పెనీనా వచ్చి పక్కన కూర్చుని చెప్పింది, ఆ రోజుల్లో ఇంటికి ఇద్దరు ముగ్గురు పోయేవాళ్ళు, ప్రతివాళ్ళకీ కూర్చోమంటే ఆడవాళ్ళు నేల మీద నుంచి లేచేవాళ్ళే కాదు, అవును, అర్థమైంది, ఎవరైనా అడిగితే తిర్జా ఆ నియమాన్ని చక్కగా, ఉదాహరణలతో వివరించగలదు, ఆదివారం పొద్దున మళ్ళీ పాఠాలు మొదలుపెట్టింది, పాప పేరు పెట్టే రోజు కేకుకి కొన్న పళ్ళెం తీసి పై అరలో పెట్టింది, పాలు వస్తూనే ఉన్నాయి, వాటికి ఏ నియమమూ తెలియదు, పెనీనా వెళ్తూ గుమ్మంలో ఆగి, పేరు పెట్టే కదా మట్టి చేశారు, అదొక్కటి చాలు, పోయినవాళ్ళని దేవుడు లేపే రోజున పేరుంటేనే పిలుపు అందుతుంది అంది, తిర్జా తల ఊపింది, తనకి తెలిసినట్టే ఊపింది, ఆ ఊపిన తలే ఇప్పుడు మెడకి ఉరి, తెలియదని ఆ రోజే అనుంటే సరిపోయేది, పాప తల్లికి పాప పేరు తెలియదని ఇన్నాళ్ళ తర్వాత ఎవరితో అంటుంది, ఏ మొహం పెట్టుకుని అంటుంది.

పేరు ఆలస్యం చేసింది తనే, పుట్టిన మూడో రోజే గెర్షోన్ సినగాగులో గ్రంథం చదివే దగ్గర పేరు చెప్పించేస్తానన్నాడు, ఆగు, నేనొచ్చి పైన ఆడవాళ్ళ వరసలో కూర్చుని వినాలి, ముగ్గురివీ విన్నాను, ఇదీ వింటాను అంది, పైగా పేరు దగ్గర ఇద్దరికీ పడలేదు, అతనికి వాళ్ళ నాయనమ్మ ఫ్రూమా, ఫ్రూమా అంటే బామ్మలా ఉంటుంది అని తను, బామ్మ పేరు బామ్మలా కాక ఇంకెలా ఉంటుంది అని అతను, తనకి హాద్సెల్ అని పెట్టుకోవాలని, అది పేరా, మందు సీసానా అన్నాడు, గాజుపెట్టె పక్కన నిలబడి ఇద్దరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు, నర్సు తలుపులోంచి చూసి వెళ్ళిపోయింది, ఆ నవ్వు మీదే ఆగింది ఆ గొడవ, ఇంకా తేలనేలేదు.

తల్లులు శ్మశానానికి రారమ్మా, మేం చూసుకుంటాం, మీరు ఇంట్లో ఉండండి అన్నాడు ఆ మధ్యాహ్నం ఫోనులో జెలిక్మన్, మట్టి పనులు చూసే సంఘంలో పెద్దాయన, ఆ గొంతులో తొందర ఉంది, పొద్దు వాలకముందే అయిపోవాలి, సబ్బాతు వస్తే ఏమీ చెయ్యడానికి లేదు, ఆడపిల్లకి కూడా అక్కడే పేరు పెడతాం, పేరు లేకుండా మట్టిలో పెట్టం అన్నాడు, ఆ పేరు మళ్ళీ ఇంట్లో ఎవరికీ పెట్టుకోరు గనక వాడుకలో లేని పేరు ఏదైనా అనుకోమనండి మీవారిని, మీవారిని, తనని కాదు, గెర్షోన్ తిరిగొచ్చేసరికి దీపాలకి వేళైంది, బూట్ల నిండా తెల్ల ఇసక, గుమ్మం బయట దులిపాడు, చాలాసేపు దులిపాడు, లోపలికొచ్చి స్నానం చేశాడు, శుభ్రమైన చొక్కా తొడుక్కున్నాడు, సబ్బాతునాడు దుఃఖం పైకి కనబడకూడదు, ఇద్దరూ నియమం తెలిసినవాళ్ళే, ఇద్దరూ కనబడనివ్వలేదు, ఫ్రూమా అన్నాడా, హాద్సెల్ అన్నాడా, రెండూ కాక ఆ ముసలాయన చెప్పిన ఎవరికీ అక్కర్లేని పేరు ఏదైనా పెట్టాడా, చెప్తాడని ఆదివారం చూసింది, సోమవారం చూసింది, తర్వాత చూడ్డం మానేసి కోపం పట్టుకుంది, కోపం పట్టుకుంటే నిలబడ్డానికి ఒక గోడ దొరికినట్టుంది, ఆ గోడకే ఆనుకుని వసంతం పోయింది, వేసవి వచ్చింది, పక్కపక్కనే రెండు మంచాల మీద పడుకుంటున్నారు, ఏసీ చప్పుడు వింటూ.

నాకు తెలుసు ఆ గడిలో ఏం రాయాలో, నఫ్తాలి బల్ల కింద నుంచి అన్నాడు, పిండి ముద్దతో పాము చేస్తున్నాడు, నీకేం తెలుసురా అంది దఫ్నా, నాన్న శుక్రవారం మన తల మీద చెయ్యి పెట్టి దీవిస్తాడు కదా, నాది అయిపోయినా చెయ్యి తియ్యడు, మళ్ళీ ఇంకోటి చెప్తాడు, అక్కకి చెప్పేదే చెప్తాడు, శారాలా రిబ్కాలా రాహేలులా లేయాలా అని, నేనేమన్నా అమ్మాయినా, యోయెల్ నవ్వబోయి ఆగాడు, నాకు ఎఫ్రాయిము, మనష్షే అనాలి కదా, అదీ చెప్తాడు, ముందు అది చెప్పి తర్వాత మెల్లిగా ఇది, దీనికి ముందు ఒక పేరు కూడా చెప్తాడు, అది నా పేరు కాదు, అదేంటంటే, తిర్జా చెయ్యి వాడి నోటికి అడ్డం వెళ్ళింది, పిండి చెయ్యి, వాడి పెదాల మీదా ముక్కు మీదా పిండి, కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తున్నాడు, వద్దు నాన్నా అంది, నువ్వు చెప్పొద్దు, ఎందుకు, చెడ్డ పేరా, కాదు, మంచిదే, మంచిదే అయ్యుంటుంది, వాడి శ్వాస అరచేతికి వెచ్చగా తగులుతోంది, ఆ వేళ్ళ సందుల వెనకే ఉంది పాప పేరు, చెయ్యి తీస్తే చాలు, తియ్యలేకపోయింది, చివరికి తీసి, వాడు నోరు తెరిచేలోగా కుళాయి దగ్గరికి పరిగెత్తింది.

ఫోను చేసింది, ఏమైంది అన్నాడు గెర్షోన్, ఈ మధ్య ఫోను ఎత్తితే ఆ మాటే ముందు, ఏం లేదు, ఎక్కడున్నావ్, కప్పు మీద, ఏసీ బాగుచేస్తున్నా, కాళ్ళు కాలిపోతున్నాయి, ఇక్కడో ముసలాయన ఏసీలో పిట్ట గూడు పెట్టింది, పిట్టని వదిలేసి నన్ను తిడుతున్నాడు, ఆమెకి నవ్వొచ్చినంత పనైంది, గొంతులోకి వచ్చింది అడగాల్సింది, నాలిక మీదికి వచ్చింది, తిర్జా, చెప్పు అన్నాడు, ఐసు తీసుకురా, ఇంట్లో లేదా, లేదు, సరే, సినగాగుకి తిన్నగా వెళ్ళను, ఇంటికొచ్చి స్నానం చేసి వెళ్తాను, అతను పెట్టెయ్యలేదు, ఆమె పెట్టెయ్యలేదు, అవతల గాలి వినబడుతోంది, ముసలాయనెవరో కింద నుంచి కేకేశాడు, ఫోను పెట్టి ఫ్రీజరు తెరిచింది, నిండా ఐసు, మూడు ట్రేలు, వాటిని సింకులో వంచేసింది, కరగడం చూస్తూ నిలబడింది, మనిషి ఇంత దూరం దిగజారుతుందా, మొగుణ్ణి ఒక మాట అడగలేక ఐసు పారబోస్తుందా, అతను వచ్చాడు, ఐసు బస్తా గడప లోపల పెట్టాడు, స్నానం చేశాడు, అట్ట ముందు ఆగి చూశాడు, గడుల మీద వేలు పోనిచ్చి చివరి దాని దగ్గర ఆపాడు, గీత బాగా గీశావు దఫ్నా అన్నాడు, యోయెల్‌ని తీసుకుని వెళ్ళిపోయాడు, తిర్జా స్నానాలగది తలుపు వెనక నిలబడి సందులోంచి ఇదంతా చూసింది.

ఊళ్ళోవాళ్ళు డాక్టరు అని పిలిచే సముద్రగాలి ఎట్టకేలకు పెర్త్ మీదికి వచ్చింది, తెర కదిలింది, దఫ్నా పెన్నులు ఏరి సొరుగులో పెడుతోంది, ఇంకాసేపట్లో సబ్బాతు, ఇక రాయకూడదు, అట్ట ఖాళీగానే తగిలించాలా అమ్మా, ఖాళీగానే తగిలించు, తిర్జా దీపాల గాజు గిన్నెలు వరసగా పెట్టింది, తమకి రెండు, ముగ్గురు పిల్లలకి మూడు, పాప పుట్టిన వారం కొన్న ఆరోది అర వెనక ఉంది, ఒక్క శుక్రవారం వెలిగింది, ఐదూ వెలిగించి చేతులతో మంటల మీద మూడుసార్లు గాలిని తన వైపు లాక్కుని కళ్ళు మూసుకుంది, ఈ కళ్ళు మూసుకున్న కాసేపట్లోనే యూదుల ఆడవాళ్ళు అడగాల్సింది అడుగుతారు, వాళ్ళమ్మ ఇలా నిలబడి చాలాసేపు అడిగేది, తిర్జాకి ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది, ఇప్పుడు అరచేతుల చీకట్లో ఆ మొదటి శుక్రవారం కనబడింది, ఇసక దులుపుకుని వచ్చిన రాత్రి, పిల్లలు ముగ్గురూ వరసగా నిలబడ్డారు, గెర్షోన్ యోయెల్‌ని దీవించాడు, దఫ్నాని దీవించాడు, నఫ్తాలి తల మీద చెయ్యి పెట్టి, అవును, తల పైకెత్తి తన వైపు చూశాడు, పిల్లల తలల మీదుగా తననే చూశాడు, పెదాలు విడి ఉన్నాయి, ఆ వరస చివర ఖాళీని చూడలేక తను గరిటె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది, సూపు గిన్నె మూత తీసి పెట్టింది, తీసి పెట్టింది, చప్పుడు చేసింది, తర్వాత ప్రతి శుక్రవారం సరిగ్గా అప్పుడే సూపు గుర్తొచ్చేది, ప్రతి శుక్రవారం అతను చెప్పాడు, ఈ గదిలోనే, ఈ దీపాల ముందే, నాలుగేళ్ళ పిల్లాడికి వినబడేలా చెప్పాడు, దాచలేదు, ఎవరి దగ్గరా దాచలేదు, తను వినకుండా వెళ్ళింది, అంతే.

చేతులు దించింది. రొట్టెలు గుడ్డ కింద ఉన్నాయి, సూపు వేడి పలక మీద ఉంది, పిల్లలకి తలలు దువ్వడం అయింది, అట్ట గోడ మీద ఉంది, పెన్నులు సొరుగులో ఉన్నాయి. పాప పేరు తిర్జా ఇంకా అడగలేదు.