డబ్బాకు కాపలా

పాలకేంద్రంలో వెన్నగది వెనక ఒక ఇరుకు గది ఉంది. అందులో బీరువా అంత నల్లటి డబ్బా, దాని వెనక రొదపెట్టే ఫ్యాన్లు, పక్కన ఒక స్టూలు. డబ్బా అంటే సర్వరు. తూకం మీద క్యాను పెట్టగానే బరువు అందులోకి వెళ్తుంది. ల్యాబులో చూసిన వెన్నశాతమూ అందులోకే వెళ్తుంది. ట్యాంకరు గేటు దాటాలంటే చూపించాల్సిన చీటీ దానిలోంచే రావాలి. అది పడుకుంటే పాలు నిలబడిపోతాయి. నిలబడ్డ పాలు ఎక్కువసేపు పాలుగా ఉండవు.

దాన్ని చూసుకునే మనిషిని అందరూ డబ్బా మావయ్య అంటారు. ల్యాబులో పనిచేసే మేనకోడలు అలా పిలవడం విని ముందు వెన్నగది ఆడవాళ్లు, తరవాత డ్రైవర్లు, ఆఖరికి మేనేజరు కూడా ఆ పిలుపే పట్టుకున్నారు. మేనేజరు ఆయనకంటే వయసులో పెద్ద. అయినా ఎవరికీ తేడాగా అనిపించలేదు.

మావయ్య పొద్దున రాగానే చెప్పులు బయట విడిచి, డబ్బా వెనక అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడేవాడు. తగిలే గాలి వెచ్చదనాన్ని బట్టి, ఫ్యాను గొంతును బట్టి ఆ పూట ఎలా నడుస్తుందో చెప్పేవాడు. "ఇవాళ కాస్త నలతగా ఉంది" అంటే అది ఆ రోజు ఏదో ఒక పేచీ పెట్టేది. ఆయన సెలవు పెట్టడం ఎవరూ చూడలేదు. పెట్టాలని ఆయనకూ తోచలేదు, కుడికంట్లో శుక్లం ముదిరేదాకా.

"ఇంకా జాప్యం చేస్తే ఆపరేషను చెయ్యడం కష్టమవుతుంది. ఆ తరవాత చూపు సంగతి నేను మాటివ్వలేను" అన్నాడు కళ్ల డాక్టరు. ఆపరేషను అయ్యాక తను చెప్పేదాకా వంగకూడదు, బరువెత్తకూడదు, నీళ్లు తగలకూడదు, తెర వంక చూడనే కూడదు. మావయ్య అంతకుముందే రెండుసార్లు ఏదో ఒక వంకతో వాయిదా వేయించుకున్నాడు.

భార్య ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది.

"ఈసారీ తప్పించుకున్నారంటే, నా దగ్గర సూదులున్నాయి. నేనే కానిచ్చేస్తా."

"నీకంత శ్రమ ఎందుకులే."

"మీగడరంగు దారం తెమ్మంటే తెల్లది తెచ్చారు. పైగా ఇదే మీగడరంగని కొట్టువాడితో పోట్లాడి వచ్చారట. రేపు నన్ను చూసి ఎవరమ్మా నువ్వంటారు."

"గొంతు వింటే గుర్తుపడతాలే."

ఆమె నవ్వలేదు. పెడలు మీద కాలు గట్టిగా నొక్కింది.

మేనేజరు సెలవిస్తానన్నాడు గానీ ఒక మాట అడిగాడు. "నువ్వు లేనప్పుడు అది పడుకుంటే లేపేదెవరు, మావయ్యా?"

"నేను" అంది మేనకోడలు.

"దాని గురించి నీకేం తెలుసమ్మా?"

"ఇప్పుడేం తెలీదు. దాని ఒంట్లో బాలేనప్పుడు అదే నాకు చెప్పేలా చేస్తాడట మావయ్య."

ఆయన అనుకున్నది ఒక కాపలా ప్రోగ్రాము. అది డబ్బా నాడి పట్టుకుని కూర్చుంటుంది. ఎంత పని చేస్తోంది, జ్ఞాపకం ఎంత నిండింది, డిస్కులో చోటెంత మిగిలింది, ఒళ్లెంత వేడెక్కింది అన్నవి నాలుగు గుండ్రాలుగా, మూల తన గడియారంతో, ల్యాబు కంప్యూటరు తెర మీదికి పంపిస్తుంది. బాగుంటే పచ్చ, బాగాలేకపోతే ఎరుపు. ఎరుపైతే మేనకోడలి ఫోను మోగుతుంది.

మేనకోడలు కీబోర్డు ముందు, మావయ్య స్టూలు మీద. ఎడమకన్ను చికిలించి తెరకి అంగుళం దూరంలో ముఖం పెట్టాడు.

"దీన్ని ఎక్కడ పెట్టమంటావు మావయ్యా?"

"డబ్బాలోనే పెట్టెయ్. చోటుంది. దగ్గరుంటే బాగా చూస్తుంది."

"ఎంత దాటితే మోగాలని అడుగుతోంది."

"పొద్దున పాలొచ్చే వేళకా, మధ్యాహ్నానికా?"

"రెండూ వేరా?"

"పొద్దున అది పరిగెత్తుతుంది. పరిగెత్తేవాడికి ఆయాసం వస్తే రోగం కాదు. మధ్యాహ్నం ఊరికే కూర్చున్నప్పుడు ఆయాసపడితే అప్పుడు కంగారుపడాలి."

వేళను బట్టి వేరువేరు గీతలు గీశారు. అయినా మొదట్లో అది పాలు తాగని పసిపిల్లలా ఒకటే ఏడుపు. కాస్త వేడెక్కితే మోగేది, కాస్త బరువైతే మోగేది. చేతిలో పాలగొట్టం పట్టుకుని ఉండగా జేబులో ఫోను మోగి మేనకోడలు ఉలిక్కిపడేది. విసిగిపోయి ఒకరోజు ఫోనుని శీతలగదిలో వెన్న దిమ్మల మధ్య దాచి వచ్చింది. అది అక్కణ్నుంచీ మోగింది. వెన్నగది పెద్దమ్మ తలుపు తీసి, అదే ఊపున బయటికి వచ్చేసింది.

"ఒసే పిల్లా! వెన్న మోగుతోందే!"

ఆ సాయంత్రమే ఇంకో మాట నేర్పారు దానికి. ఒక్కసారి ఎరుపు కనిపిస్తే ఊరుకో, వరసగా మూడుసార్లు కనిపిస్తేనే రంగు మార్చు, అప్పుడే మోగు అని. దాంతో నోరు మూసింది. తెర నిండా పచ్చగుండ్రాలే. మేనేజరు వచ్చి చూసి, చేలో నిలబడ్డ రైతులా తృప్తిపడ్డాడు.

ఆపరేషను అయింది. కుడికంటికి కట్టుతో మావయ్య ఇంటికొచ్చాడు. ముందుగదిలో కిటికీ పక్కన వాలుకుర్చీ వేసింది భార్య. పాలకేంద్రంలో అందరికీ ఆమె ముందే కబురు పంపింది: ఈయనకి ఫోను చేసినవాళ్ల బట్టలు ఇక కుట్టనని. ఆ చుట్టుపక్కల అంత ఒద్దికగా జేబు కుట్టేవాళ్లు లేరు. ఎవరూ చెయ్యలేదు.

మావయ్యకి అలా ఊరికే కూర్చోవడం ఇంత బాగుంటుందని తెలీదు. కుట్టుమిషను చప్పుడు, మధ్యలో కత్తెర చప్పుడు, దారం తెంపే పంటి చప్పుడు. బయట వానచప్పుడు. వాటన్నిటి మీద గంటకోసారి పాలకేంద్రం గేటు దగ్గర కాపలా ఉండే తాత కొట్టే రైలుపట్టా ముక్క. ఖంగుమని వీధంతా వినిపిస్తుంది. ఆ గంట విని ఎదురింటివాళ్లు పిల్లల్ని బడికి తరుముతారు, ఈవిడ పొయ్యి వెలిగిస్తుంది. వింటున్నామని ఎవరికీ తెలీదు. ఫోను ఆయన ఒళ్లోనే ఉండేది. మోగితే మేనకోడలి ఫోను మోగాలి గానీ ఇది కాదు, అయినా ఉండనిచ్చాడు. అది నోరెత్తలేదు. బాగుందన్నమాట, అనుకున్నాడు.

వాన పట్టి వదలని ఒక పొద్దున, భార్య జాకెట్టుకి చెయ్యి అతుకుతూ అతుకుతూ పెడలు మీంచి కాలు తీసేసింది.

"తాత గంట కొట్టలేదేంటి?"

మావయ్య తలెత్తాడు. తనకీ ఏదో వెలితిగా ఉంది, అదేమిటో ఇప్పుడు తెలిసింది.

"వానకి లేవబుద్ధి కాలేదేమో" అన్నాడు.

"గాలివానలోనే కొట్టాడు. ఏదో అయింది అక్కడ."

ఆ మాట మావయ్య లోపల ఎక్కడో తగిలింది. తాత ఊరుకుంటే ఏదో అయిందని ఇంట్లో కూర్చున్న మనిషికి తెలిసింది. మరి మా కాపలా ఊరుకుంటే? బాగుందనుకుంటున్నాం. వాడు తాతలా బతికున్నానని గంట కొట్టడు. దొంగ వస్తేనే అరుస్తాడు. దొంగ ముందు వాణ్నే పడగొడితే? వాణ్ని ఎక్కడ పెట్టాం? డబ్బాలోనే.

"నాడి చూసేవాణ్ని తీసుకెళ్లి రోగి కడుపులో కూర్చోబెట్టాను" అన్నాడు పైకి.

"ఏంటీ?"

"అమ్మాయికి ఫోను కలుపు."

ఆవిడ ముఖం చూసి, కాదనకుండా కలిపింది. అవతల వాన, హారన్లు, ఎవరో గట్టిగా అరవడం.

"మావయ్యా! నువ్వు చేశావా? అత్తకి తెలుసా?"

"పక్కనే ఉంది. గేటు దగ్గర గోలేంటి?"

"చీటీలు రావట్లేదు. ట్యాంకర్లు బారుగా నిలబడ్డాయి. డ్రైవర్లు తాత మీద పడ్డారు. ప్రింటరు చచ్చింది మావయ్యా, గుద్ది కూడా చూశాను."

"డబ్బా?"

"డబ్బా బంగారంలా ఉంది. తెరంతా పచ్చగా ఉంది."

"తెర మూల కాపలావాడి గడియారం ఉంటుంది చూడు. ఎంతయింది?"

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"మావయ్యా... ఈ గడియారం ప్రకారం ఇంకా మొదటి ట్యాంకరు కూడా రాలేదు. ఇది ఆగిపోయింది. నేను పొద్దుట్నుంచి బొమ్మని చూస్తూ కూర్చున్నాను."

మావయ్య లేచాడు. కాళ్లతో నేల మీద వెతికాడు. చెప్పులు లేవు. అవి కుట్టుమిషను పెడలు కింద ఉన్నాయి, వాటి మీద భార్య కాలుంది.

"వెళ్లండి" అంది. "వానలో, కంటికి కట్టుతో, చెప్పుల్లేకుండా వెళ్లండి. డాక్టరుతో మీరే చెప్పుకోండి. నేనైతే రాను."

"పాలు విరిగిపోతాయే."

"పాలు రేపూ వస్తాయి. కన్ను?"

మావయ్య నిలబడ్డచోటే నిలబడ్డాడు. కట్టు కింద కన్ను సన్నగా కొట్టుకుంది. గుమ్మం బయట వాననీళ్లు ఇంతెత్తున చిమ్ముతున్నాయి. కుర్చీలో కూర్చున్నాడు.

"అమ్మాయ్, గదిలోకి వెళ్లు. వెనకాల అరచెయ్యి పెట్టు. ఎలా ఉందో చెప్పు."

పరుగు, వెన్నగది తలుపు కిర్రుమనడం, పెద్దమ్మ ఏదో అడగడం వినిపించాయి. తరవాత మేనకోడలి గొంతు.

"చెయ్యి పెట్టడానికి చోటు లేదు మావయ్యా."

"అంటే?"

"గుడ్డలున్నాయి. వెన్న వడకట్టే గుడ్డలు. డబ్బా వెనకంతా ఆరేసి ఉన్నాయి. కాలిపోతోంది ఇక్కడ."

ఫోను చేతులు మారింది.

"నేనే నాయనా" అంది పెద్దమ్మ. "నువ్వుంటే ఆరెయ్యనివ్వవాయె. ఈ ముసురుకి ఎక్కడ ఆరతాయి చెప్పు? అంత వెచ్చటి గాలి ఊరికే పోతోంది కదా అని..."

"పెద్దమ్మా, అది ఊపిరి విడిచే చోటు. ముక్కు మూసేశావు."

"అయ్యో నా తల్లీ! ముక్కు ముందుంటుందనుకున్నానే!"

భార్య పమిట నోటికడ్డం పెట్టుకుంది. మావయ్యకీ నవ్వొచ్చింది గానీ, నవ్వితే కన్ను లాగుతుందని ఆపుకున్నాడు. ఏం జరిగిందో తెలిసిపోయింది. గుడ్డలు కప్పేసరికి గబగబా వేడెక్కి, ఎరుపు మూడోసారి కనిపించేలోపే డబ్బా తనంతట తాను ఆరిపోయింది. దాంతోపాటే దానిలోని కాపలావాడూ.

గుడ్డలు తీయించాడు. తలుపు, కిటికీ తీయించాడు. పెద్దమ్మ చేటతో విసురుతానంటే విసరమన్నాడు, ఆవిడ మనసు కుదుటపడుతుందని. చల్లారాక ఏ బొత్తం నొక్కాలో మేనకోడలికి చెప్పాడు.

"ఫోను దాని వెనక పెట్టు. నన్ను విననీ."

ముందు చిన్న ఈల. తరవాత ఫ్యాన్లు ఒకదాని వెనక ఒకటి అందుకున్నాయి. గొంతు బొంగురుగా మొదలై, మెల్లగా సర్దుకుంది.

"ఆఁ. అదే. ఇంక చీటీ వస్తుంది చూడు."

వచ్చింది. ట్యాంకర్లు ఒక్కొక్కటే కదిలిన చప్పుడు వీధి చివరనుంచి ఇంట్లోకి నేరుగానే వినిపించింది. పాలు విరగలేదని ల్యాబునుంచి కబురొచ్చింది. కాసేపటికి ఖంగుమంది గేటు దగ్గర. వేళ కాని వేళ కొట్టాడు తాత, బాకీ ఉంచుకోవడం ఇష్టం లేక. భార్య పెడలు మీద కాలు పెట్టింది.

మధ్యాహ్నం మేనకోడలు తడిసి ముద్దై ఇంటికొచ్చింది. అత్త ఇచ్చిన తువ్వాలుతో తల తుడుచుకుంటూ గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"తిట్టు మావయ్యా. నీ డబ్బా చచ్చిపడి ఉంటే నేను ప్రింటరుని కొడుతున్నాను."

"కాపలావాణ్ని దానిలో పెట్టమన్నది నేను కదే. రేపు వాణ్ని బయటికి లాగెయ్. గేటు గదిలో పాసులు కొట్టే కంప్యూటరుంది కదా, అందులో పెట్టు. అక్కణ్నుంచి డబ్బాని పలకరించమను. పలక్కపోతే ఎరుపు. ఇంక మూడోసారి దాకా ఆగడాలు అవీ వద్దు."

"బాగానే ఉంది. మరి గేటు గదిలోది పడుకుంటే?"

కుట్టుమిషను ఆగింది, ఆవిడా వింటోంది.

"తాతకి చెప్పు. గంట కొట్టబోయేముందు ఆ తెర చూడమను. గడియారం నడుస్తూ, అన్నీ పచ్చగా ఉంటేనే కొట్టమను. లేకపోతే కొట్టొద్దను, నిన్ను కేకెయ్యమను."

"తాత ఒప్పుకుంటాడా? తాళం తీసిపెట్టమంటేనే జీతం పెంచమంటాడు."

"డబ్బా బాగుందని ఊరందరికీ చెప్పే పని నీదే అను. ఒప్పుకుంటాడు."

ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమే కాదు, అప్పట్నుంచి కొట్టే ముందు గొంతు సవరించుకుంటున్నాడని డ్రైవర్లు నవ్వుకున్నారు.

భార్యకి మాత్రం ఇందులో నచ్చింది ఒకటే. మర్నాటినుంచి మావయ్య ఒళ్లో ఫోను లేదు. తనే తీసి అలమరలో పెట్టేశాడు. ఖంగుమన్నప్పుడల్లా మంచి కన్ను కూడా మూసుకుని, "ఊఁ" అనేవాడు. వీధిలో ఆ గంటకి ఎవరి పనిలోకి వాళ్లు వెళ్లేవాళ్లు, దానిలోకి ఇంకో కబురు చేరిందని తెలీకుండానే.

డాక్టరు కట్టు విప్పిన రోజు మావయ్య ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి, మిషను మీదున్న దారపుండల్ని చాలాసేపు చూశాడు.

"అది తెలుపే" అన్నాడు చివరికి. "కొట్టువాడికి ఒకసారి కనిపించి రావాలి."

"అది తరవాత. నన్ను చూడండి. నేనెవర్ని?"

"అబ్బో" అన్నాడు మావయ్య. "జుట్టు ఇంత నెరిసిందా నీకు?"

"పొండి, మళ్లీ కట్టు కట్టించుకు రండి" అందావిడ.

పనిలోకి వెళ్లిన పొద్దున, గది బయట చెప్పులు విడిచాడు. గదిలో గోడ పొడుగునా కొత్తగా ఒక తాడు కట్టి ఉంది, డబ్బాకి బారెడు దూరంలో. దాని మీద వడకట్టే గుడ్డలు వరసగా, వెచ్చటి గాలికి మెల్లగా ఊగుతున్నాయి. మేనకోడలికీ పెద్దమ్మకీ కుదిరిన రాజీ అట. డబ్బా ముందున్న చిన్న దీపం ఇన్నాళ్లూ ఆయన పసుపు అనుకున్నాడు. పచ్చగా ఉంది.

గేటు దగ్గర తాత గొంతు సవరించుకుని గంట కొట్టాడు. అంటే బాగుందనే. ఇంక చూడాల్సిన పనిలేదు. మావయ్య గుడ్డల కింద వంగి వెళ్లి, అయినా వెనకాల అరచెయ్యి పెట్టాడు.