బోరున్న వాటా

నేను కుటుంబాలకు ఆస్తుల సలహాదారును. ఉన్నది ఎవరికి ఎట్లా చెందాలో యజమాని బతికుండగానే తేల్చి, వీలునామా రాయిస్తాను. చేను తిరిగి చూడనిదే కాగితం ముట్టను. ఆ పట్టుదలకు చెప్పులు చాలా అరిగాయి గానీ, నా చేతుల మీదుగా రాసిన వీలునామా ఒక్కటీ కోర్టు మెట్లు ఎక్కలేదు. గొప్పలు చెప్పుకుంటోంది అంటారా? అవును, చెప్పుకుంటున్నాను.

మొన్న వేసవిలో గుమ్మఘట్ట నుంచి ఓబుళేసు కబురు పెట్టాడు. ఎనిమిదెకరాల స్వార్జితం, ఒకే బోరు. కొడుకు గిరి, కూతురు చౌడేశ్వరి. భర్త పోయాక చౌడేశ్వరి పుట్టింటికొచ్చి, ఆ బోరు నీళ్ళతోనే టమాటా పండించి ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. చిన్నప్పుడు మా అమ్మతో కూలికి పోయి నేను వేరుశనగ, మా మాటలో చెనిక్కాయలు, పీకిన చేనే అది. పెద్దాయన నన్ను గుర్తుపట్టలేదు. నేనూ చెప్పలేదు.

"చెరి నాలుగెకరాలు మేడం. నేనే కొలిచినా. తూర్పుది నాకు, పడమరది చెల్లెలికి. సంతకం పెట్టేదే తక్కువ," అన్నాడు గిరి.

"ముందు చేను చూడాల," అన్నాను.

ఎండలో గట్టంతా తిరిగాను. బోరు తూర్పు వాటాలో ఉంది, హద్దుకు ఇరవై అడుగుల లోపలే. పడమర అంతా నీళ్ళు లేని గరుసు నేల. ఆ నాలుగెకరాలు రాసిస్తే చౌడేశ్వరి కూలికి పోవలసిందే. నాకు ఒళ్ళు మండింది.

"పెద్దోడు పంచితే ముందు కోరుకునేది ఎవరు పెద్దాయనా, మీ ఊర్లో?"

ఓబుళేసు కొడుకు వైపు చూడకుండా, "చిన్నోళ్ళు. మా నాయన కాలం నుంచీ అంతే," అన్నాడు.

"చౌడేశ్వరీ, నీకు యా పక్క కావాల?"

గట్టు మీద మా వెంటే నడిచొచ్చిన చౌడేశ్వరి, "బోరుండే పక్క," అంది గట్టిగా.

గిరి ముఖం మాడిపోయింది. "అట్లయితే నా చీనీ బత్తాయి చెట్లకు నీళ్ళు యాడ తేవాల?"

"నీ చెల్లెలు టమాటాకు యాడ తెస్తాదనుకుంటివప్పా?" అన్నాను.

అతను బోరు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "బోరు ఇద్దరిదీ అని రాయండి మేడం. చెరి రెండు దినాలు," అన్నాడు.

"కరెంటు బిల్లు కూడా చెరి సగం. మోటారు కాలినా అంతే," అంది చౌడేశ్వరి. నాకు ఈల వేయాలనిపించింది.

వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని, తూర్పు చౌడేశ్వరికి, పడమర గిరికి, బోరు ఇద్దరిదీ అని అదంతా రాశాను. ఓబుళేసు ఊరుకోలేదు.

"నేను పోయినాక ఈ వంతులు తప్పితే అడిగే మనిషి ఉండాల. ఈ వీలునామా జరిపించేదానికి నీ పేరే రాసుకోమ్మా. మొగుని పేరుతో రాస్తావా, నాయన పేరుతోనా?"

"అమ్మ పేరుతో. చిన్నక్క కూతురు సువార్త."

పెద్దాయన కళ్ళు చిట్లించి చూశాడు. "మా చేన్లో చెనిక్కాయలు పీకిన చిన్నక్కా?"

"ఆ చిన్నక్కే."

"రాయి తల్లీ, బాగా కనపడేట్టు రాయి," అన్నాడు.

రాశాను. ముప్పై ఏళ్ళు ఆ చేన్లో నడుము వంచిన మా అమ్మ పేరు, ఆ చేని కాగితంలోకి నా చేత్తోనే ఎక్కింది.