చక్రంలో చెయ్యి

మోటారు బదులు జీరో బల్బు తగిలించి దయానందం స్విచ్చి వేశాడు. బటన్ నొక్కకుండానే బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. మళ్లీ వేశాడు. మళ్లీ మెరిసింది.

బందరులో ఆయనది రేడియో రిపేరు కొట్టు. రేడియోల గిరాకీ తగ్గాక, యాభై దాటిన వయసులో, కళ్లద్దాల మీద భూతద్దం పెట్టుకుని మైక్రోకంట్రోలరు బోర్డులు నేర్చుకున్నాడు. చిప్పు కాళ్లలో ఏది బటన్ మాట వినాలో, ఏది మోటారుకి చెప్పాలో తనే పంచేవాడు. మొరటు వేళ్లు, పని మాత్రం కళ్లకద్దుకోవాలనిపించేది.

ఈ పెట్టె రొయ్యల చెరువులో నీటికి గాలి కలిపే చక్రాల కోసం. చెరువు యజమాని శోభనాద్రి బల్ల ముందే కూర్చున్నాడు.

"రెప్పపాటేగా దయానందంగారూ. ఇచ్చేయండి. గాలి చాలక రొయ్యలు పైకి తేలుతున్నాయి."

"కరెంటు పోయినప్పుడేగదండీ మీ పనివాడు అబ్బులు చక్రంలో నాచు తీసేది? చెయ్యి లోపలుండగా కరెంటొస్తే ఆ రెప్పపాటు చాలు."

తప్పు తనదే. కరెంటు వచ్చిన క్షణం, చిప్పు తెలివిలోకి వచ్చేలోపు, దాని కాళ్లన్నీ ఆన్‌లోనే ఉంటాయి. ఆన్ అయితే మోటారు తిరిగేలా తనే కలిపాడు. అంతా ఊడదీసి, కాలు ఆఫ్ అయితేనే తిరిగేలా మార్చాడు. భార్య రూతు పంపిన క్యారేజీ చల్లారిపోయింది. బందరులో దీన్ని చాదస్తం అనేవారు. ఆ చాదస్తం వల్లే చాలామంది చేతులు చేతుల్లా ఉన్నాయి.

సాయంత్రం మంగినపూడి దారిలో, చెరువు గట్టున పెట్టె బిగించాడు. పంట్లాం మడిచి నీళ్లలోకి దిగి, చక్రం రెక్కల మధ్య తన చెయ్యి పెట్టాడు.

"వద్దండీ, నేను పెడతాను," అన్నాడు అబ్బులు.

"కలిపింది నేను. నువ్వెళ్లి మెయిన్ వెయ్యి."

చక్రం కదల్లేదు. మళ్లీ మళ్లీ వేయించాడు. గట్టెక్కి బటన్ నొక్కాక నీళ్లు చిమ్ముతూ తిరిగింది. దయానందం ముఖమంతా నవ్వు.

పెట్టె మూత బిగిస్తూ, "కాస్త ఆయాసంగా ఉంది," అని మేత బస్తాకి ఆనుకుని కూర్చున్నాడు. అబ్బులు మంచినీళ్లు తెచ్చేసరికి ప్రాణం పోయింది.

సమాధి చేసి వచ్చిన వారానికి, కరెంటు లేని పూట, అబ్బులు చక్రంలో నాచు తీస్తున్నాడు. చెయ్యి లోపలుండగానే గట్టు మీద లైటు వెలిగింది. చక్రం కదల్లేదు. అబ్బులు చెయ్యి బయటికి తీసి కాసేపు దానివంకే చూసుకున్నాడు. అతనికి ఏడుపొచ్చింది.

బటన్ నొక్కడానికి గట్టెక్కాడు. మూతకి మూడు స్క్రూలు బిగించి ఉన్నాయి. నాలుగోది, దయానందం పెట్టినచోటే, మూత మీద ఉంది.