వియ్యపురాలి దప్పిక

బాలింతకు నీళ్లిస్తే సన్నిపాతం కమ్మి చస్తుందని మా అమ్మ నమ్మకం. కర్నూలు రాజధాని అయ్యాక వచ్చిన మొదటి ఎండాకాలం అది. నంద్యాలలో మా పుట్టింటి బండల మిద్దె పెనంలా కాలుతోంది. దానికి తోడు నా మంచం కింద కుంపటి, చెవుల్లో దూది, తలకు గుడ్డ. తాగడానికి పూటకు ఉగ్గుగిన్నెడు నీళ్లు, అవీ కాచినవి. ఉగ్గుగిన్నె పసిపిల్లకే చాలదు, నాకేం చాలుతుంది?

ఒళ్లు జ్వరంతో కాలిపోయేది. కూర్చుంటే నడుము కింద చీరుకుపోయినట్టుండేది. పాలు ఎండిపోయాయి. పిల్ల లాగి లాగి, ఏమీ రాక గుక్కపట్టి ఏడ్చేది. కన్నతల్లికి జాలి కలగాలి కదా? నాకు ఒళ్లు మండేది. ఎవరైనా దీన్ని ఎత్తుకుపోతే బాగుండుననిపించేది. అలా అనుకున్నందుకు నన్ను నేనే తిట్టుకునేదాన్ని, కాసేపటికి మళ్లీ అలాగే అనుకునేదాన్ని.

ఒకరోజు అమ్మ పెరట్లోకి వెళ్లగానే గోడ పట్టుకుని, పాకి, పిల్ల స్నానానికి తోడిపెట్టిన నీళ్ల దగ్గరకు చేరాను. దోసిలి నోటిదాకా రాకముందే అమ్మ చెయ్యి పడింది. నీళ్లన్నీ నేలపాలయ్యాయి.

"మీ చిన్నమ్మ బాలింతగా ఇట్లే తాగి సచ్చిపాయ! నా కండ్ల ముందరే పాయ! నువ్వూ పోతావా?" అంటూ నన్ను వాటేసుకుని ఏడ్చింది.

ఆమె ఏడుస్తుంటే నేను బండల మీది తడినే చూస్తున్నాను. వంగి నాకాలనిపించింది. నీ ప్రేమే నన్ను చంపుతోందమ్మా అని లోపల్లోపలే అరిచాను. ఇక నేను బతకనని ఆరోజే అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఆళ్లగడ్డ బస్సు దిగి మా అత్త ఆదిలక్ష్మమ్మ వచ్చింది. ఆమె అంటే నాకు హడలు. నాకు పాలు పడనందుకు ఇక నన్ను దులిపేస్తుందనుకున్నాను. వియ్యపురాలు గడప తొక్కితే చెంబుడు నీళ్లివ్వకుండా ఎవరుంటారు? అమ్మ కుండలో ముంచి ఇచ్చింది. అత్త ఆ చెంబుతోనే నేరుగా నా గదిలోకి వచ్చింది.

పగిలి నెత్తురు గట్టిన నా పెదాలు చూసింది. పిల్లను చూసింది. తలుపు దగ్గరకు వేసి, నా తల కింద చెయ్యి పెట్టి లేపి, చెంబు నా నోటికి ఆనించింది.

"మెల్లిగా తాగు. యాడికీ పోవులే నీళ్లు."

చల్లటి నీళ్లు గొంతు దిగేసరికి ఏడుపు తన్నుకొచ్చింది. ఎవరికీ చెప్పకూడదనుకున్నది కూడా దాంతోపాటే వచ్చేసింది.

"అత్తా, ఈ పిల్ల మీద నాకు ప్రేమ పుట్టల్యా. నేను పాపిష్టిదాన్ని."

"నీ మొగుడు పుట్టినప్పుడు నాకూ అట్లే ఉండె," అంది అత్త. "వాణ్ణి ముట్టబుద్ధి కాలే. ఎవురికీ చెప్పలే, ఒక్కదాన్నే ఏడ్సినా. నువ్వు నాకైనా చెప్పినావు. తాగు."

చెంబు ఖాళీ అయింది. అత్త తలుపు ఓరగా తీసి కేకేసింది. "వదినా, ఎండన పడొచ్చినా. దప్పిక తీరలే. ఇంగొక చెంబియ్యి."

అమ్మ తెచ్చింది. అవీ నా గొంతులోకే పోయాయి. అత్త మూడోసారి అడిగినప్పుడు మాత్రం అమ్మ ఎంతసేపటికీ రాలేదు. సంగతి తెలిసిపోయిందని, వచ్చి రభస చేస్తుందని అనుకున్నాను.

తలుపు తెరుచుకుంది. అమ్మ చేతిలో నిండు చెంబు, నీళ్లు చీర మీద ఒలుకుతున్నాయి. అత్త వైపు ఆమె చూడనే లేదు. తడిసిన నా గడ్డాన్నే చూస్తోంది.

"మీ అత్తకు ఇంగా దప్పికైతాందా?" అని నన్నే అడిగింది.

"అయితాందమ్మా," అన్నాను.

చెంబు నా చేతికే ఇచ్చింది. నా పక్కన కూలబడి, నా గుండె మీద అరచెయ్యి ఆనించి, నేను మింగిన ప్రతి గుటకకూ, "ఊపిరి ఆడతాందా? ఆడతాందా, తల్లీ?" అని అడుగుతూనే ఉంది.