రాతి మీద బొటనవేలు

ఆడలేక మద్దెల ఓడు అన్నాడట వెనకటికొకడు. మా చిత్రకారుడూ అంతే అనుకున్నాను. పది రోజులు అచ్చు రాయి ముందు కూర్చుని జిడ్డు పెన్సిల్‌తో ఆకాశం గీశాడు. మా నాన్న దాని మీద సిరా పూసి మొదటి కాగితం అద్ది లాగేసరికి, ఆ లేత ఆకాశంలో నల్లగా ఒక బొటనవేలి గుర్తు తేలింది. జిడ్డు చెయ్యి తగిలినా రాయి మీద ఏమీ కనబడదు. జిడ్డున్న చోటే సిరా అంటుతుంది కాబట్టి, సిరా పడ్డాకే బయటపడుతుంది.

"ముసలాయన చెయ్యే!" అన్నాడు చిత్రకారుడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నలభై ఏళ్ళు రాతి మీద సబ్బు లేబుళ్ళు అచ్చు వేసిన మనిషి మా నాన్న. ఒక్క లేబుల్ మీదా ఆయన పేరు లేదు. ఆ ప్రెస్సు మూతపడ్డాక రాళ్ళన్నీ ఎవరెవరి ఇళ్ళలోనో బట్టలుతికే బండలయ్యాయి. ఇన్నేళ్ళకు ఈ వర్క్‌షాపు తెరిచారు. బొమ్మ గీసేది ఒకరు, అచ్చు వేసేది ఒకరు, కాగితం అడుగున ఇద్దరి గుర్తులూ ఉంటాయి. నాన్న పేరుతో ఇత్తడి ముద్ర కూడా చేయించారు. రోజూ మధ్యాహ్నం మోకాళ్ళకు, అక్కడే తన దగ్గర పని నేర్చుకుంటున్న నా చేత మందు రాయించుకుని మరీ ఆయన మళ్ళీ నిలబడేది ఆ ముద్ర కోసమే.

"పెద్దాయనా, ఇక మీరు విశ్రాంతి తీసుకోండి," అంటూ వర్క్‌షాపు నడిపే మేడమ్ ఆ ముద్రను సొరుగులో పడేసింది.

నాన్న తలొంచుకున్నాడు. "అవునమ్మా, నా చెయ్యే తగిలుంటుంది."

"నువ్వూరుకో నాన్నా!" ఆయన చెయ్యి లాగి మేడమ్ ముందు పెట్టాను. "చూడండి! పాత బొమ్మలు చెరపడానికి ఇసక పోసి రాళ్ళు నూరీ నూరీ గీతలన్నీ అరిగిపోయాయి. బ్యాంకులో వేలిముద్ర కూడా పడదు. ఆ రాయి మీద చూస్తే ఒక్కో గీతా లెక్కపెట్టొచ్చు!"

"వదిలెయ్యవే," అని గొణిగాడు నాన్న. నేను వింటేగా!

చిత్రకారుడు చేతులు జేబుల్లో దాచుకున్నాడు.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారేం? వెయ్యండి వేలు!"

సిరా పూసి కాగితం మీద వేయించాను. రాయి మీదున్న గుర్తుకు రెండింతలుంది.

"రాయిని ముట్టుకుంది మీరు ముగ్గురే కదా," అంది మేడమ్. "నీదీ వెయ్యి."

"వేస్తాను, నాకేం భయం?"

వేసి, కాగితాన్ని రాయి పక్కన పెట్టాను. గీతకు గీత సరిపోయింది. నిన్న నేను నాన్న మోకాళ్ళకు మందు రాస్తుండగా, రాయి జరపమని చిత్రకారుడు కేకేశాడు. చేతులు కొంగుకు తుడుచుకుని పరిగెత్తాను. కడుక్కోలేదు.

"నీకు ముందే తెలుసా?" అన్నాను నాన్నతో.

"సిరా పడగానే పోల్చుకున్నాను. నీ చిన్నప్పుడు నా చొక్కాలన్నిటి మీదా ఉండేది ఈ వేలే కదే. నా పని అయిపోవచ్చింది. నువ్వింకా ముప్పై ఏళ్ళు చెయ్యాలి."

సిగ్గు కన్నా ముందు కోపమే వచ్చింది. నలభై ఏళ్ళకు దక్కిన పేరును నా జిడ్డు చేతికి అడ్డం పెడతాడా?

"తప్పు నాది మేడమ్! ఆయన ముద్ర ఆయనకిచ్చెయ్యండి!" చిత్రకారుడికి చెప్పిన క్షమాపణ కూడా కేకలాగే వచ్చింది.

మేడమ్ సొరుగు తెరిచింది. నాన్న అటు చూడనే లేదు. అప్పటికే రాయి మీద ఇసక పోస్తున్నాడు, ఆకాశమంతా నూరి మళ్ళీ మొదలుపెట్టాలిగా.

"అరిచింది చాల్లే," అన్నాడు. "ముందు చేతులు కడుక్కుని రా. సబ్బుతో."