ఇస్త్రీకి మాయమైన ఇల్లు

కెండ్రాకి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. ఎవరైనా నమ్మి ఏదైనా చేతిలో పెడితే, అది తన చేతుల్లోనే పాడైపోతుందని. పదహారో ఏట కడుపుతో బడి మానేసినప్పుడు పట్టుకున్న భయం, కూతురు టెస్సాకి ఏడేళ్లొచ్చినా వదల్లేదు. పిల్ల పాలగ్లాసు రెండు చేతుల్తో పట్టుకున్నా, కింద ఇంకో చెయ్యి పెట్టి నిలబడుతుంది.

అందుకే మెరెడిత్ గుడ్డముక్కల సంచీ ఒకటి తెచ్చి ఇచ్చినప్పుడు దాన్ని రెండు చేతుల్తో పట్టుకుంది. టెస్సా తరగతిలో తల్లులందరి మీదా పెత్తనం మెరెడిత్‌దే. ఏ వేడుకకి ఎవరేం వండి తేవాలో ఆవిడే రాసి పంపుతుంది. ఆ రోజు ఎడమ మణికట్టుకి పట్టీతో కారు దిగింది. టెన్నిస్ ఆడుతూ పడ్డానంది.

"హాల్వర్సన్ టీచర్ ఈ ఏడాదితో రిటైరవుతోంది. పిల్లల బొమ్మలతో బొంత కుట్టి ఇద్దామనుకున్నాం. నువ్వెలాగూ ఇంట్లో ఖాళీయే కదా, కెండ్రా. నీకూ కాస్త కాలక్షేపం."

"అలాగే మెరెడిత్ గారూ," అంది కెండ్రా.

ఖాళీ. తెల్లారి అయిదున్నరకి మొగుడు కోడీకి డబ్బా కట్టడం, అత్తగారు వెర్నాకి మాత్రలు, టెస్సాకి జడలు, నేలమాళిగలో నాలుగు వాయిల బట్టలు, మంచు కరిగిందగ్గర్నుంచీ గడప దాకా వచ్చే బురద, దాన్ని మూడుసార్లు తుడవడం, ఆరింటికి బల్ల మీద కూర వేడిగా ఉండటం. ఇవన్నీ కలిపి లోకం పెట్టిన పేరు ఖాళీ. ఇప్పుడు దాంట్లోకి ఒక బొంత. ఆ సాయంత్రం సంచీ చూసి కోడీ నవ్వాడు. "నువ్వు మొదలెట్టినవాటిలో పూర్తయింది టెస్సా ఒక్కతే. అదీ తొమ్మిది నెలలకి దానంతటదే అయింది కాబట్టి." వెర్నా కాఫీకప్పులోకి నవ్వింది. కెండ్రా కూడా నవ్వింది. నవ్వకపోతే మూతి ముడుచుకుందంటారు.

మొత్తం ఇరవై తెల్లగుడ్డ ముక్కలు. ప్రతి పిల్లా తన ఇల్లు గీసింది. గుడ్డ మీద రాసే పెన్నులతో అందరూ తరగతిలోనే గీశారు, మెరెడిత్ కూతురు పైపర్ తప్ప. ఆ వారం పైపర్ బడికి రాలేదు. ఇంట్లోనే తన పెన్నులతో గీసి పంపింది. నీలం తలుపు ఇల్లు, సూర్యుడు, మూడు పువ్వులు. ఒక్కటే తేడా, ఆ ముక్క బాగా రుద్దినట్టు నూగు లేచి ఉంది.

వెనకవైపు నుంచి ఇస్త్రీ చేస్తే రంగు గుడ్డకి పట్టి ఉతికినా పోదు. పద్దెనిమిది ముక్కలు చక్కగా వచ్చాయి. పంతొమ్మిదోది, పైపర్‌ది, తిప్పి చూసింది. తెల్లగా ఉంది. ఇంకోవైపు తిప్పింది. అటూ తెల్లగానే ఉంది. ఇల్లు లేదు, సూర్యుడు లేడు. కెండ్రా ఇస్త్రీపెట్టె నిలబెట్టి, ఆ బోడి గుడ్డని వెలుతురుకి పట్టుకుని చూసింది.

"మొహం అలా పెట్టావేం?" అంటూ వెర్నా వచ్చి చూసింది. చర్చి కోసం ముప్పై ఏళ్లుగా బొంతలు కుట్టిన మనిషి. "రుద్దితే చెరిగే పెన్ను అయ్యుంటుంది అమ్మాయ్. రుద్దినప్పుడు పుట్టే వేడికైనా, ఇస్త్రీ వేడికైనా ఆ సిరా కనబడదు. ఫ్రీజర్లో పడెయ్, చలికి తిరిగొస్తుంది. మేం గుర్తులు పెట్టుకునేది దాంతోనేగా. బడిలో చెప్పలేదా? ఓహో, నువ్వు బడికెక్కడ వెళ్లావులే."

కెండ్రా ఆ ముక్కని ఫ్రీజర్లో బఠాణీల సంచీ మీద పరిచి గంటసేపు ఉంచింది. తీసి చూస్తే ఇల్లు వచ్చింది. సూర్యుడు వచ్చాడు. వాటి కింద, వాటితోపాటు, పైపర్ అంతకుముందు గీసి చెరిపేసిందంతా వచ్చింది.

దువ్వెన పళ్లలా మెట్లు. కింద మెట్టు దగ్గర అడ్డంగా పడున్న మనిషి, పసుపుపచ్చ జుట్టు, ఒక చెయ్యి వంకరగా వెనక్కి. పక్కన "అమ్మ". పైన చేతులు బారజాపిన పెద్ద మనిషి, "నాన్న". సూర్యుడి వెనక, చెవులు మూసుకున్న చిన్నది, "నేను".

కెండ్రా ఆ వంకర చెయ్యి మీద వేలు పెట్టింది. ఆ చెయ్యి ఎడమ చెయ్యి.

వెర్నా కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇంకోసారి ఇస్త్రీ పెట్టు, పోతుంది. పైన మామూలు పెన్నుతో ఇల్లు నువ్వే గియ్యి."

"అత్తయ్యా, ఇది చూశారా మీరు?"

"చూశాను. నీ మొగుడికి జీతమిచ్చేది ఈ పిల్ల తండ్రి. అది నువ్వు చూడు." కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "మా ఇంట్లోనూ మెట్లుండేవి. నేనెవరికైనా చెప్పానా?"

చలి తగ్గిందని చెప్పినంత మామూలుగా అనేసి, కప్పు కడగడానికి వెళ్లింది. కెండ్రా ఆ నడకకేసి చూస్తూ ఉండిపోయింది. ఆ కుంటి నడక ఆవు తన్నడం వల్ల వచ్చిందని ఈ ఇంట్లో అందరూ చెప్తారు. పెళ్లయిన కొత్తలో తనకీ అలాగే చెప్పారు. తను టెస్సాకీ అలాగే చెప్పింది.

ఇస్త్రీపెట్టె ఇంకా వేడిగానే ఉంది. ఒక్కసారి లాగితే చాలు. బొంత బాగుంటుంది, కోడీ ఉద్యోగం బాగుంటుంది, తను మొదటిసారి ఒక పని పూర్తిచేసినట్టూ ఉంటుంది. మెరెడిత్ కూడా అదే కోరుకుంటుందేమో. పైపర్ మాత్రం ముందు ఇది గీసింది. ఎవరో చూస్తారని గీసింది, ఎవరో చూస్తారని చెరిపింది. కెండ్రా ప్లగ్గు పీకి, కారు తాళాలు తీసుకుంది.

మెరెడిత్ ఎప్పటి నవ్వుతోనే తలుపు తీసింది. "అప్పుడే కుట్టేశావా?"

కెండ్రా ముక్క చేతికిచ్చింది. మెరెడిత్ చూసింది. ఏమిటని అడగలేదు. బొటనవేలితో ఆ గీతల్ని గబగబా రుద్దడం మొదలెట్టింది, పొయ్యి మీద మరక తుడిచినట్టు. అలవాటైన చెయ్యి అది. కెండ్రా ఆ వేలు పట్టుకుంది.

"ఎవరెవరు చూశారు?" అంది మెరెడిత్.

"నేను చూశాను."

"టెన్నిస్ ఆడుతూ..."

"మెరెడిత్, ఈ రాత్రికి నువ్వూ పైపరూ ఎక్కడుంటారు?"

గారు అనకుండా పిలిచానని కెండ్రాకి తర్వాత గుర్తొచ్చింది. మెరెడిత్ తలుపు మూయలేదు. ఇద్దరూ ఆ గుడ్డ ముక్క చెరో అంచూ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

మీకు తెలిసినవాళ్లలోనూ ఒకావిడ ఉంటుంది. పనులన్నీ చక్కగా పంచిపెట్టే మనిషి, ఈ మధ్య ఎక్కడో కాలు జారి పడ్డానన్న మనిషి. ఇది పక్కన పెట్టి ఆవిడకి ఫోన్ చెయ్యండి. బాగానే ఉన్నానంటే, వెంటనే పెట్టేయకండి.